జాకెట్ బీసీడీకి జంట సిలిండర్లు బిగించొచ్చా?

బారువ_తీరం:
నా దగ్గరున్నది మామూలు జాకెట్ బీసీడీ (డైవింగులో గాలి నింపి, వదిలి నీళ్లలో తేలడాన్ని సర్దుకునే జాకెట్), మీడియం సైజు, వెనక ఒకటే బెల్టు. 16 కిలోలు తేలుస్తుందని లేబుల్ మీద ఉంది. 11.1 లీటర్ల అల్యూమినియం సిలిండర్లు రెండున్నాయి. మన బారువ వైపు 18 మీటర్ల లోతులో ఒక్క సిలిండరుతో అరగంటకే పైకి రావాల్సివస్తోంది. రెండూ కలిపి ఈ జాకెట్‌కే కడితే ఏటవుతుంది? 16 కిలోలు చాలవా? వేసుకునే డైవింగ్ సూటు మందం 3 ఎంఎం.

నాగావళి_డైవర్:
అన్నా, లెక్కకి 16 కిలోలు చాలుతాయి. 200 బార్‌కి నింపితే ఒక్కో సిలిండరులో గాలి బరువే 2.7 కిలోలు, రెండింటికి 5.4. లోతుకెళ్లేసరికి సూటు నలిగి ఇంకో కిలో, రెండు కిలోల తేలిక పోతుంది. మునగడానికి నడుముకి కట్టే సీసం సరిగ్గా వేసుకుంటే ఆరేడు కిలోల లెక్కే.

చిక్కు బిగింపులో ఉంది. ఆ బెల్టు ఒక్క సిలిండరును పట్టుకోడానికి కుట్టింది. జంటను దాంతో కడితే ఏదో పక్కకి జారుతుంది, జారిన వైపుకే మనిషినీ తిప్పుతుంది. ఇంకోటి, జాకెట్ గాలి సంచి చంకల కింద నుంచి పొట్ట దాకా చుట్టుకుని ఉంటుంది. రెండు సిలిండర్లు వీపు దగ్గర దాన్ని నొక్కేస్తే గాలంతా పక్కలకీ ముందుకీ చేరుతుంది. బోర్లా ఈదేటప్పుడు బరువు పైన, తేలిక కింద అన్నమాట. తెప్ప తిరగబడినట్టు తిరగబడతారు. పైకొచ్చేటప్పుడు మడతల్లో ఇరుక్కున్న గాలి బయటకు పోక, వేగం అదుపు తప్పే ప్రమాదం కూడా ఉంది. దయచేసి ఆ జాకెట్‌తో ప్రయత్నించకండి.

ఉప్పుగాలి:
పై మాట నిజం. జంటకి కావాల్సినవి: స్టీలు బ్యాక్‌ప్లేటు (వీపుకి ఆనే పలక), జంట కోసమే చేసిన వింగు (వీపు వెనకే ఉండే గాలి సంచి, 18 కిలోలు, ఆపైన తేల్చేది), మీ సిలిండరు వ్యాసానికి సరిపోయే బ్యాండ్లు రెండు, మధ్యలో ఐసోలేటర్ (రెండు సిలిండర్లను విడదీసే వాల్వు) ఉన్న మానిఫోల్డ్ (రెండింటి గాలినీ కలిపే గొట్టం). మీ అల్యూమినియం సిలిండర్ల వ్యాసం 184 మిల్లీమీటర్లు. బ్యాండ్ల బోల్టుల మధ్య దూరం 11 అంగుళాలు ఉంటేనే ప్లేటు రంధ్రాల్లో కూర్చుంటాయి. ముందు సిలిండర్లను చదునైన నేల మీద నిలబెట్టి, మానిఫోల్డ్ వంకర లేకుండా కలిశాకే బ్యాండ్లు పూర్తిగా బిగించాలి. బ్యాండ్లు ముందు బిగిస్తే మానిఫోల్డ్ మీద ఒత్తిడి పడి ఓ-రింగుల (అతుకుల్లోని రబ్బరు రింగుల) దగ్గర గాలి కారుతుంది.

ఐసోలేటర్ తెరిచి ఉందో లేదో ప్రతిసారీ చేత్తో తిప్పి చూడండి. మూసి ఉంటే గాలి నింపేటప్పుడు ఒక సిలిండరే నిండుతుంది. నీళ్లలో ఇంకా ప్రమాదం: గేజు ఎడమ వైపు ఉంటుంది, మీరు పీల్చేది కుడి వైపు రెగ్యులేటరు (సిలిండరు గాలిని నోటికి అందించే పరికరం) నుంచి. ముల్లు కదలదు, గాలి మాత్రం అయిపోతుంది.

బారువ_తీరం:
స్టీలు 12 లీటర్ల జంట తక్కువ ధరకి వస్తోంది. అది తీసుకోవచ్చా?

నాగావళి_డైవర్:
మన సముద్రానికి వద్దు. 3 ఎంఎం సూటు తేల్చేది తక్కువ. స్టీలు జంట నిండుగా ఉన్నప్పుడు వింగు చిరిగితే కాళ్లతో తన్నుకుని పైకి రాలేరు. విడిచేద్దామంటే నడుముకి సీసమే ఉండదు. అల్యూమినియం అయితే ఖాళీ అయ్యాక ఒక్కోటీ రెండు కిలోలు తేలుతుంది. స్టీలు ప్లేటూ బ్యాండ్లూ మానిఫోల్డూ ఆ తేలికని చాలావరకు సరిచేస్తాయి.

చేపలరేవు:
ఇంకో లెక్క కూడా చూడండి. 18 మీటర్లలో ఒత్తిడి 2.8 బార్. నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడికి 56 లీటర్లు ఖర్చు. 50 బార్ మిగల్చుకుంటే ఒక్క సిలిండరు 29 నిమిషాలు, జంట 59. ఆ లోతుకి పాడి (PADI) సంస్థ డైవ్ టేబుల్‌లో (ఏ లోతులో ఎంతసేపు ఉండొచ్చో చెప్పే పట్టిక) ఆగకుండా పైకి రాగలిగే హద్దు మొదటి డైవ్‌కి 56 నిమిషాలు. అంటే గాలి మిగిలుండగానే టైము దాటిపోతుంది. డీకంప్రెషన్ (పైకొచ్చేటప్పుడు మధ్యలో ఆగుతూ రావడం) శిక్షణ లేనివాళ్లకి జంట తెచ్చే అసలు ప్రమాదం ఇదే.

పైగా కట్టిన జంట నలభై కిలోల దగ్గర తూగుతుంది. అల విరిగే చోట దాన్ని వీపున వేసుకుని నిలబడటం కష్టం, ఫైబర్ బోటు అంచు మీంచి ఎక్కించడానికి ఇద్దరు కావాలి.

మీకు కావాల్సింది రెగ్యులేటరు మొరాయిస్తే ఆదుకునే గాలి అయితే, ఇప్పటి జాకెట్‌లోనే ఒక సిలిండరు ఉంచి, 5.7 లీటర్ల చిన్న అల్యూమినియం సిలిండరును వేరే రెగ్యులేటరూ గేజుతో ఎడమ పక్కన వేలాడదీయండి. మెడ దగ్గరొకటి, కింద బ్యాండుకొకటి, రెండు బోల్ట్ స్నాపులు (లోహపు కొక్కేలు). పైది జాకెట్ ఛాతీ మీది డి-రింగుకి (D ఆకారపు లోహపు రింగు), కిందది నడుము డి-రింగుకి. ఆ చిన్నదాని గాలిని మాత్రం డైవ్ లెక్కలో కలపొద్దు, అది అత్యవసరానికే. ఎక్కువ సేపు కావాలంటే ముందు పీల్చే తీరు తగ్గించుకోండి: అనవసరపు సీసం తీసేసి, చేతులతో ఈదడం మానేస్తే 20 లీటర్లు 16కి వస్తుంది. అదే సిలిండరుతో 37 నిమిషాలు.