నంబర్ మారకుండా కంపెనీ మారొచ్చు కదా, అయినా మనవాళ్ళు ఎందుకు మారరు?

కృష్ణాతీరం:
మా నాన్నగారు 2004 నుంచి ఒకే కంపెనీ సిమ్ వాడుతున్నారు. ఇంట్లో సిగ్నల్ రాదు, మాట్లాడాలంటే పెరట్లోకి వెళ్ళి జామచెట్టు పక్కన నిలబడాలి, వానొస్తే గొడుగేసుకుని మరీ మాట్లాడతారు. పక్కింటివాళ్ళది వేరే కంపెనీ, వాళ్ళకి వంటింట్లో కూడా నిక్షేపంగా పలుకుతుంది. పోర్టబిలిటీ 2010 నవంబర్‌లో హర్యానాలో మొదలై 2011 జనవరి 20కి దేశమంతా వచ్చేసింది, 2015 జూలై నుంచి రాష్ట్రం మారినా అదే నంబర్ ఉంచుకోవచ్చు. ఇన్నేళ్ళయినా "మార్చేద్దాం నాన్నా" అంటే "ఉండనీరా, ఇన్నాళ్ళ నుంచి ఉన్నాం కదా" అంటారు. ఆ కంపెనీ ఈయనకి ఏం చేసిందని ఇంత విశ్వాసం? దీన్ని నమ్మకం అనాలా బద్ధకం అనాలా, మీ ఇళ్ళల్లో ఎలా ఉందో చెప్పండి.

లెక్కలపంతులు:
రెండూ కాదండీ, వెళ్ళడానికి చోటు లేదు, అంతే. 2016 సెప్టెంబర్ 5న జియో వచ్చింది, తర్వాత రెండు మూడేళ్ళలో ఎయిర్‌సెల్ దివాలా తీసింది, టెలినార్, టాటా డొకోమో ఎయిర్‌టెల్‌లో కలిసిపోయాయి, వొడాఫోన్ ఐడియా ఒకటయ్యాయి. మిగిలింది మూడు ప్రైవేటు, ఒక గవర్నమెంటు. 2024 జూలైలో ఏమైందో గుర్తుందా? 3వ తారీఖున రెండు కంపెనీలు, 4న మూడోది రేట్లు పెంచేశాయి. జియోలో 155 ఉన్న చిన్న ప్లాన్ 189 అయింది, ఎయిర్‌టెల్‌లో 179ది 199 అయింది. పైగా నెల అంటే 28 రోజులు, అంటే ఏడాదికి పన్నెండు కాదు పదమూడు సార్లు రీచార్జ్. 2022లో ట్రాయ్ (ఫోన్ కంపెనీల మీద ఉండే ప్రభుత్వ నియంత్రణ సంస్థ) వాళ్ళు ముప్పై రోజుల ప్లాన్ ఒక్కటన్నా పెట్టాల్సిందే అని చెప్పేదాకా అదీ లేదు. అందరి రేటూ ఒకటే అయినప్పుడు మీ నాన్నగారు కదలకపోవడం తప్పెలా అవుతుంది? ఆయన్ని బద్ధకస్తుడు అనడం నాకు నచ్చలేదు.

రీచార్జ్‌షాపు:
పంతులుగారూ నమస్తే. చోటు లేదన్నారు గానీ ఆ జూలైలో బీఎస్ఎన్ఎల్ రేటు పెంచలేదు కదండీ, జనం కదిలారు కూడా, దేశం మొత్తం మీద ఆ ఒక్క నెలలోనే సుమారు 29 లక్షల మంది కొత్తగా చేరారు. మాది తెనాలి దగ్గర చిన్న ఊరు, మా షాపు ముందు కూడా పొద్దున్నే జనం ఉండేవాళ్ళు. కాకపోతే ఒకసారి పోర్ట్ అయ్యాక తొంభై రోజులు కదలకూడదు, ఆ తొంభై ఎప్పుడవుతాయా అని చూసి మళ్ళీ పాతదానికే వచ్చినవాళ్ళూ ఉన్నారు, ఎందుకంటే పొలంలో పిల్లాడు వీడియో చూడాలంటే ఆగిపోతోందని. కాబట్టి రేటు జనాన్ని కదిలిస్తుంది, సిగ్నల్ నిలబెడుతుంది, ఈ మాట పద్నాలుగేళ్ళు కౌంటర్‌లో కూర్చుని చెప్తున్నా.

కానీ పెద్దవాళ్ళ సంగతి వేరు. మా వైపు ఆడవాళ్ళు సీజన్‌లో దుగ్గిరాల పసుపు పనికి వెళ్తారు, కొమ్ములు ఏరి ఏరి వేళ్ళ మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. సిమ్ మార్చాలంటే మా షాపులో ఆధార్ వేలిముద్రతోనే చేస్తాం, అది పడదు. బొటనవేలు తడిపించి, కొంగుకి తుడుచుకోమని, మళ్ళీ పెట్టించి, రెండో చెయ్యి, ఆ పైన చూపుడువేలు, ఇలా ఒక్కోసారి అరగంట పడుతుంది. ఆ అరగంటా ఆమె నా మొహమే చూస్తూ ఉంటుంది, తన వేలిదే తప్పన్నట్టు. ఏ కంపెనీ అమ్మా నీది అని అడిగితే "నువ్విచ్చిందే బాబూ" అంటుంది. కంపెనీ పేరు ఆమెకి తెలీదు, అక్కర్లేదు కూడా. నేను షాపు మూసేస్తే ఆ కస్టమర్ కంపెనీకి మిగలదు అని నా గట్టి నమ్మకం.

విశాఖ_సుజాత:
షాపు అన్నయ్యగారు చెప్పింది అక్షరాలా నిజం. మాకు బీఎస్ఎన్ఎల్ ల్యాండ్‌లైన్, దాని మీదే బ్రాడ్‌బ్యాండ్ ఉండేది, చుట్టుపక్కల అందరూ మారిపోయినా మేం మారలేదు. కారణం మా లైన్‌మన్ గారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి పోయాక వైజాగ్ ఎలా ఉందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు, చెట్లు, స్తంభాలు, హోర్డింగులు అన్నీ రోడ్డు మీదే. మా వీధి మొదట్లో డీపీ బాక్స్ (వీధిలోని ఫోన్ వైర్లన్నీ కలిసే పెట్టె) మీద పెద్ద కొమ్మ పడింది. కొన్నాళ్ళకి ఆయన పాత లూనా మీద వచ్చారు, వాళ్ళ సొంతింటి రేకులు లేచిపోయి ఉన్నాయట, ఆ సంగతి మాకు తర్వాతెప్పుడో తెలిసింది. బాక్స్ మూత తీసి లోపల నీళ్ళు గుడ్డతో అద్ది, ఒక్కొక్క జత వైరు చెవి దగ్గర టెస్ట్ ఫోన్ పెట్టుకుని వింటూ "అమ్మా, మీది పలుకుతోంది, మీ అబ్బాయికి చెయ్యండి" అన్నారు. మా అబ్బాయి అప్పుడు పుణెలో ఉన్నాడు. ఆ ఫోన్ కాల్ నేను మర్చిపోలేను.

2020 జనవరి 31న బీఎస్ఎన్ఎల్‌లో 78 వేల మందికి పైగా ఒకే రోజు వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) మీద వెళ్ళిపోయారు కదా, అందులో ఆయనా ఉన్నారు. ఆ తర్వాత కూడా ఫోన్ చేస్తే ఎవర్ని అడగాలో చెప్పేవారు. ఆయన సొంతూరు వెళ్ళిపోయాకే మేం కనెక్షన్ తీసేశాం. ఇది బద్ధకం అంటే నేను ఒప్పుకోను బాబూ.

మానేరు_పోరడు:
అక్కా, మీ ముచ్చట మంచిగుంది, గా లైన్‌మన్ అసొంటోళ్ళు ఉంటె నేను గూడ ఇడువ. గని ఇప్పుడు గట్ల ఎవ్వరున్రు చెప్పుండ్రి? నేను హైదరాబాద్‌ల ఒక ఇంటర్నెట్ కంపెనీకి ఆరేండ్లు కట్టిన, ఒక్క నెల గూడ లేట్ చెయ్యలే. మా పై ఫ్లోర్ల కొత్తగ దిగినోళ్ళకు అదే స్పీడ్ నాకంటె రెండొందలు తక్కువకు ఇచ్చిన్రు. నాకెందుకు ఇయ్యరు అని అడిగితె అది కొత్త కస్టమర్లకే సార్ అన్నరు. సరే తీసేస్త అని రిక్వెస్ట్ పెట్టిన, తెల్లారి పొద్దుగాల్నే ఫోన్, సార్ రెండు నెలలు ఫ్రీ, రేట్ గూడ తగ్గిస్తం అని. ఆరేండ్లు ఉన్నందుకు ఏమియ్యలే, పోతా అంటె ఇచ్చిన్రు. మరి ఉన్నోళ్ళను పిచ్చోళ్ళను చేసినట్టే గద? మా బాపుకు, అమ్మకు, గీ కృష్ణాతీరం అన్న వాళ్ళ నాయినకు ఇదే అయితున్నది, పెద్దోళ్ళు అడుగరని వాళ్ళకు తెల్సు. కోపం అందుకొస్తది నాకు. ఏడాదికోసారన్న పోతా అని ఫోన్ చెయ్యాలె, ఇంట్ల పెద్దోళ్ళ తరఫున మనమే చెయ్యాలె.

లెక్కలపంతులు:
తమ్ముడు చెప్పినదానికి నా దగ్గర జవాబు లేదు, నా మాట కొంచెం సవరించుకుంటున్నా. చోటు లేకపోవడం ఒక్కటే కాదు, అడగనివాడి దగ్గర ఎక్కువ తీసుకోవడం కూడా ఉంది ఇందులో.

కృష్ణాతీరం:
నిన్న రాత్రి మీ పోస్టులన్నీ నాన్నగారికి చదివి వినిపించాను. సుజాత గారిది వచ్చేసరికి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత చెప్పారు, 2019లో అమ్మ గుంటూరులో ఆసుపత్రిలో ఉన్నప్పుడు రాత్రి పదకొండింటికి వ్యాలిడిటీ అయిపోయి అవుట్‌గోయింగ్ ఆగిపోయిందట, నేనేమో బెంగళూరులో ఉన్నా, రక్తం కావాలంటున్నారు, ఎవరికీ ఫోన్ చెయ్యలేరు. వార్డులో ఎవరిదో ఫోన్ అడిగి మా ఊళ్ళో సిమ్ ఇచ్చిన షాపాయన్ని నిద్ర లేపితే, ఆయన డబ్బుల సంగతి అడక్కుండా అప్పటికప్పుడు రీచార్జ్ వేశాడట. ఆ సిమ్ వదిలేస్తే ఆయన్ని వదిలేసినట్టు ఉంటుందని నాన్న బాధ. ఈ సంగతి ఆరేళ్ళుగా నాకు తెలీదు. బద్ధకం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

కానీ జామచెట్టు కింద మాట్లాడటం మాత్రం ఇంక వద్దు, ఆయనకి డెబ్భై రెండు, మొన్న బురదలో జారారు. షాపు అన్నా, ఇప్పుడు పోర్ట్ పెడితే మధ్యలో బ్యాంకు పనులకి ఇబ్బంది ఉంటుందా?

రీచార్జ్‌షాపు:
పెద్దగా ఉండదు బాబూ. ఇంగ్లీషులో పోర్ట్ అని కొట్టి ఖాళీ వదిలి పది అంకెల నంబర్ వేసి 1900కి మెసేజ్ పెట్టు, కోడ్ వస్తుంది, అది నాలుగు రోజులే పనిచేస్తుంది, ఈలోపు కొత్త సిమ్‌కి వేలిముద్ర అయిపోవాలి. మన ఆంధ్రా, తెలంగాణా ఇంకా ఒకే టెలికాం సర్కిల్, లోపల్లోపల అయితే మూడు పనిరోజులు. పాత సిగ్నల్ పోయి కొత్తది వచ్చే కొన్ని గంటలు ఓటీపీలు రావు, ఆ పూట డబ్బు పని పెట్టుకోవద్దు. యూపీఐ వాడుతుంటే కొత్త సిమ్ వేశాక మళ్ళీ వెరిఫై చెయ్యాలి, అది నువ్వు దగ్గరుండి చెయ్యి. ముందు పక్కింటాయన ఫోన్ తీసుకుని మీ వంటింట్లో, నాన్నగారు పడుకునే గదిలో నిలబడి చూడు, సిగ్నల్ అక్కడ కూడా ఉంటేనే పెట్టు.

కృష్ణాతీరం:
చూశానన్నా, రెండు గదుల్లోనూ బాగుంది. నాన్న ఒప్పుకున్నారు, కొత్త సిమ్ కూడా ఆ షాపాయన దగ్గరే తీసుకోవాలని షరతు పెట్టారు. శనివారం ఊరెళ్తున్నా.