తక్కువ ఖర్చుతో చిన్న సేవాసంస్థకు ప్రచారం ఎలా చేసుకోవాలి?

ప్రశ్న (ఒంగోలు నుంచి)

నమస్కారం. ఒంగోలు చుట్టుపక్కల ఊళ్ళలో వలస కూలీల పిల్లలకు సాయంత్రం పూట చదువు చెప్పే చిన్న ట్రస్టు మాది. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఎ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (దాతలకు పన్ను మినహాయింపు) అనుమతులు ఉన్నాయి. జీతం తీసుకునే ఉద్యోగి ఒక్కరే కాగా, ప్రచారానికి నెలకు 3,000 రూపాయలకు మించి పెట్టలేము. సేవాసంస్థలకు గూగుల్ ఉచితంగా ప్రకటనలు ఇస్తుందని విన్నాము. దానికి దరఖాస్తు చేయడం మేలా, లేక పిల్లల ఫొటోలతో కరపత్రాలు వేయించడం మేలా?

జవాబు (హైదరాబాదు నుంచి)

మీరు విన్నది నిజమే. గూగుల్ యాడ్ గ్రాంట్స్ కింద అర్హత పొందిన సంస్థకు నెలకు 10,000 డాలర్ల విలువ వరకు ప్రకటనలు లభిస్తాయి, నగదు మాత్రం ఇవ్వరు. అయితే దానికి చక్కని వెబ్‌సైటు ఉండాలి, ప్రకటన చూసినవారిలో కనీసం 5 శాతం మంది దానిపై క్లిక్ చేస్తూ ఉండాలి. పైగా ఎవరైనా ఆ విషయం వెతికినప్పుడే ఆ ప్రకటన కనిపిస్తుంది. ఒంగోలు దగ్గరి సాయంత్రం బడికి సాయం చేద్దామని గూగుల్‌లో వెతికేవారు ఎందరుంటారు? మీకున్న ఒక్క ఉద్యోగి సమయాన్ని ఇప్పుడే దానికి కేటాయించవద్దని నా సలహా.

జవాబు (గుంటూరు నుంచి)

నేను సేవాసంస్థల లెక్కలు చూస్తుంటాను. కొత్త దాతల కోసం వెతికే ముందు, ఇదివరకు ఇచ్చినవారికి వారి డబ్బు ఏమైందో చెప్పండి. చాలా సంస్థలు రసీదు పంపి ఊరుకుంటాయి, మళ్ళీ డబ్బు అవసరమైనప్పుడే పలకరిస్తాయి. నెలకొకసారి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది, ఏ పని ఆగిపోయింది అన్నది పది వాక్యాల్లో తెలుగులో రాసి వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో (ఒకే సందేశం చాలామందికి విడివిడిగా చేరే పద్ధతిలో) పంపండి. ఒక జాబితాలో 256 మందిని చేర్చవచ్చు గానీ, మీ నంబరు సేవ్ చేసుకున్నవారికే ఆ సందేశం చేరుతుంది కాబట్టి, రసీదుతో పాటే ఆ మాట అడగండి. 80జి మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే వర్తిస్తుందనీ, 2,000 రూపాయలు మించిన నగదు విరాళానికి అది రాదనీ ముందుగానే చెప్పడం వల్ల మీపై నమ్మకం పెరుగుతుంది. ఏటా అక్టోబరు 2 నుంచి 8 వరకు దేశమంతటా దానాన్ని ప్రోత్సహిస్తూ జరిగే దాన్ ఉత్సవ్ వారంలో ఊరివారిని బడికి పిలిచి చూపించండి, దానికి పెద్ద ఖర్చు ఉండదు.

పిల్లల ఫొటోల విషయంలో నాది గట్టి అభిప్రాయం. వారి పేదరికాన్ని చూపి జాలి పుట్టించే కరపత్రం వద్దు. పిల్లలు రాసిన నోటుపుస్తకం పేజీ, గీసిన బొమ్మ చాలు.

జవాబు (డల్లాస్ నుంచి)

గుంటూరు వారి మాటతో ఏకీభవిస్తూ ఒక జాగ్రత్త చెబుతాను. మీ సందేశం ఊరివాళ్ళ గ్రూపుల ద్వారా మావంటి వారికీ చేరుతుంది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే విదేశీ విరాళమే అవుతుంది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా దాన్ని తీసుకోకూడదు. అందువల్ల విదేశాల నుంచి ఎవరైనా ఇస్తామన్నప్పుడు, ఖాతా నంబరు పంపేముందే పాస్‌పోర్టు ప్రతి అడిగి దాచుకోండి.