నీటి మరలో కాపురం: చక్రాలు ఉంచాలా, పీకేయాలా?

తార్నాక తాతయ్య:
మా అమ్మాయి, అల్లుడు ఇంగ్లండులో ఒక పల్లెలో పాత నీటి మర కొన్నారు. ఏటి నీళ్లతో తిరిగే పిండి గిర్ని అన్నమాట. ముందున్నవాళ్లే దాన్ని ఇల్లుగా మార్చారు. మొన్న ఎండాకాలం రెండు నెలలు ఉండి వచ్చాను. ఇల్లు బాగుంది, కాదనను. కానీ హాల్లో సగం పళ్ల చక్రాలదే! నాకంటే ఎత్తైన ఇనుప చక్రం, దాని చుట్టూ లావుపాటి దూలాల చట్రం, పై అంతస్తులో ఎవరూ విసరని రాళ్లు. డైనింగ్ టేబుల్‌ని గోడకు ఆనించి, ఒకే వైపు వరసగా కూర్చుని తింటున్నారు, బంతి భోజనాల్లాగా. తీసేద్దామంటే కుదరదట. అది రక్షిత కట్టడం, లోపల మార్పులకు కూడా అనుమతి కావాలట. డబ్బు పోసి కొన్న ఇల్లు మనుషులకా, చక్రాలకా? మీరే చెప్పండి.

పాతగోడల పిచ్చోడు:
సార్, నేను ఆర్కిటెక్ట్‌ని, కాబట్టి కాస్త కటువుగానే చెప్తా. మీరు అడ్డం అంటున్న ఆ చట్రమే అసలు మర. ఏటి నీళ్లు బయటి చక్రాన్ని తిప్పితే, ఆ ఇరుసు లోపలి పళ్ల చక్రాన్ని తిప్పుతుంది, అది నిలువు స్తంభాన్ని, స్తంభం పై రాయిని. కింది రాయి కదలదు, మన ఇసుర్రాయిలాగే. ఇంత బరువు తిరిగితే గోడలు అదిరి బీటలు వారతాయని చట్రాన్ని గోడలకు అంటకుండా విడిగా నిలబెట్టేవాళ్లు. చాలా మరల్లో ఇనుప పళ్లకు ఎదురుగా చెక్క పళ్లు ఉంటాయి, చూశారా? చప్పుడు తగ్గుతుంది, ఏదైనా ఇరుక్కుంటే ఒక చెక్క పన్ను విరుగుతుంది, చక్రం బతుకుతుంది. ఇదంతా పీకేస్తే మిగిలేది గోదాము.

అసలు దాన్ని ఇల్లు చేయడమే తప్పంటా. ఔరంగాబాద్ పంచక్కీ చూడండి. 1956 దాకా మన హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. కొండల్లోని ఊట నుంచి మట్టి గొట్టాల్లో నీళ్లు తెచ్చి, బాబా షా ముసాఫిర్ దర్గాకు వచ్చే ఫకీర్లకు, యాత్రికులకు పిండి విసిరారు. దాన్ని ఎవరూ బెడ్రూమ్ చేసుకోలేదు.

గిర్నోళ్ల పిల్ల:
అన్నా, పంచక్కీకి దర్గా ఉంది, టికెట్ కొని చూసే జనం ఉన్నారు. ఆ పల్లె మరకు ఎవరున్నారు? 1086లో ఇంగ్లండు రాజు భూముల లెక్క రాయిస్తేనే ఆరు వేలకు అటూ ఇటూగా మరలు తేలాయి. అన్నిటినీ మ్యూజియంలు చేస్తారా? 19వ శతాబ్దం చివర్లో ఉక్కు రోలర్ల మిల్లులు వచ్చాయి, విదేశీ గోధుమలు ఓడల్లో దిగే రేవుల దగ్గరే పెద్ద మిల్లులు పెట్టారు. పల్లె మరల పని అయిపోయింది.

మా నాన్న గిర్నికి ప్యాకెట్ పిండి వచ్చాక అదే గతి. షట్టర్ దించాం. మొదటి ఏడు ఎలుకలు, రెండో ఏడు చెద, మూడో వానాకాలానికి రేకులు లేచిపోయాయి. మోటార్‌ని పాత సామాన్ల వాడికి తూకానికి ఇచ్చేశాం. కప్పు కారితే అర్ధరాత్రి లేచి గిన్నె పెట్టే మనిషి ఉంటేనే ఏ కట్టడమైనా నిలుస్తుంది. కాబట్టి ఇల్లు చేయడం తప్పు కాదు. చక్రాలు తీయడం మాత్రం తప్పే అంకుల్. నాన్న రాయికి కక్కు కొట్టుకుంటూ కూర్చునేవాడు, ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఒక్క రాయైనా ఉంచుకోనందుకు బాధపడని రోజు లేదు.

నాచారం నుంచి:
మనుషులుంటే కట్టడం బతుకుతుందనేది సగమే నిజం. కోఠి రెసిడెన్సీలో 1949 నుంచి మహిళా కాలేజీ నడిచింది, అయినా పెచ్చులూడింది. ఎర్రమంజిల్ ప్యాలెస్‌లో ఆఫీసులు నడిచాయి, అయినా కూల్చి అసెంబ్లీ కడతామన్నారు. 2019లో హైకోర్టు ఆపింది కాబట్టి ఉంది. ఎవరు ఉన్నారన్నది కాదు, ఏం ముట్టుకోకూడదో చెప్పేవాళ్లు ఉన్నారా అన్నది ముఖ్యం.

తార్నాక తాతయ్య:
అమ్మా, మీ నాన్నగారి మాట చదివాక నాకూ ఏదోలా అయింది. కానీ నా కోపం టేబుల్ గురించే కాదు. ఒక రాత్రి వాన దంచింది. రెండింటికి అల్లుడు టార్చి పట్టుకుని బయటికి పరుగెత్తాడు. తూము తలుపు ఎత్తకపోతే మత్తడి మీంచి పొర్లి నీళ్లు హాల్లోకి వస్తాయట. తిరగని మరకు ఈ కాపలా ఎందుకు?

పాతగోడల పిచ్చోడు:
అయితే తిప్పమనండి సార్! బయటి చక్రం ఉందా? స్మీటన్ అనే ఇంజనీరు 1759లోనే ప్రయోగాలు చేసి చూపించాడు. పై నుంచి నీళ్లు పడే చక్రం నీటి శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు పట్టుకుంటుంది, కింద నుంచి తోసేది 22 శాతం దాకానే. పై నుంచి పడేదైతే చిన్న జనరేటర్ బిగించుకోవచ్చు.

గిర్నోళ్ల పిల్ల:
ఇందాక బెడ్రూమ్ వద్దన్న అన్న ఇప్పుడు కరెంటు పెట్టిస్తున్నాడు 😀

తార్నాక తాతయ్య:
రాత్రి వీడియో కాల్‌లో అడిగాను. బయటి చక్రం సగం కుళ్లిపోయింది. నీళ్లు కింద నుంచే పోతాయట, మీ లెక్కన 22 శాతం. అల్లుడు మాత్రం వడ్రంగిని పిలుస్తానంటున్నాడు. చక్రాలు పీకే మాట నేనిక ఎత్తను. టేబుల్ సంగతే ఇంకా తేలలేదు.