సమస్యాపూరణం: “గోడ కట్ట నిల్లు కూలిపోయె”

పద్యశాల నిర్వాహకుడు:
మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

గోడ కట్ట నిల్లు కూలిపోయె

ఐదూ సూర్యగణాలే. గో–కూ యతి మీద ఎవరూ పేచీ పెట్టకండి. గకారానికి కకారం, ఓకారానికి ఊకారం చెల్లుతాయి. షరతు ఒక్కటే, ఈ గోడ హార్డ్ డిస్కును గదులుగా, అంటే పార్టిషన్లుగా, విడగొట్టే గోడ కావాలి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మద్దతు ముగిశాక, పాత ల్యాప్‌టాప్ పారేయడానికి చేతులు రాక పక్కగదిలో లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను దింపుకున్నవాళ్ళు మనలోనే నలుగురైదుగురున్నారు. ఆ తిప్పలే పద్యం చెయ్యండి. గణాలు కుదరాలి, డిస్కు సంగతీ నిజమవ్వాలి. గడువు ఆదివారం రాత్రి 10.

గోస్తనీతీరం:
బోణీ నాదే.

సగము చోటు కోసి జరుపుచుండంగను
పవరు పోయె నింట, బైట వాన;
ఫైళ్ళ జాడ లేదు, పాలుపోదిక నాకు
గోడ కట్ట నిల్లు కూలిపోయె!

నిర్వాహకుడు:
రెండో పాదం చదివి మా ఇంటావిడ కూడా నవ్వింది. 'జరుపుచుండంగను' సరైన మాట. విండోస్‌లో ష్రింక్ (భాగాన్ని కుదించడం) కొడితే తోక మాత్రమే కత్తిరిస్తుంది, తొందరగా అయిపోతుంది. భాగం మొదలును జరపాలంటే మాత్రం డిస్కు భాగాలను సర్దే జీపార్టెడ్ అనే సాఫ్ట్‌వేర్ లోపలి సరుకంతా మూట కట్టి పక్కకు మోయాలి. పెద్ద డిస్కైతే గంటలు పడుతుంది. ఆ మోతలో కరెంటు పోతే మీరన్నట్టే అవుతుంది.

మానేరు:
ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటది కద సార్?

గోస్తనీతీరం:
అది చచ్చి రెండేళ్ళయిందండీ. ప్లగ్గు కదిలితే ఆరిపోతుంది. ఆ ముక్క పద్యంలో పట్టలేదు.

మానేరు:
సరే, నాది చూడున్రి. 2010 నాటి డెస్క్‌టాప్ కథ.

నాల్గు గదులె హద్దు నా పాత డిస్కుకు
నైదవదియు గోరి యాసపడితి
పట్టి యొకటి చెరుప పట్టికే మాసెను
గోడ కట్ట నిల్లు కూలిపోయె

కృష్ణాతరంగం:
మానేరు గారూ, మూడో పాదంలో 'చెరుపన్' కదా, చివర ద్రుతం (నకారం) ఉంది. తర్వాతి పకారం బకారమై 'చెరుప బట్టికే' కావాలి. యతికి ఢోకా లేదు, ప–బ మైత్రి ఉంది.

మానేరు:
దిద్దుకున్న అమ్మా. చదివెటోళ్ళు బట్టలంగడి అనుకోకుంటే చాలు.

నిర్వాహకుడు:
వ్యాకరణం అమ్మ చెప్పేసింది, విషయం నేను చెబుతా. 'నాల్గు గదులె' అనడం నిజమే. డిస్కు భాగాల లెక్క రాసుకునే పాత ఎంబీఆర్ పద్ధతిలో డిస్కు మొదటి సెక్టారు 512 బైట్లు. అందులో విభాగాల పట్టికకు దక్కేది 64. ఒక్కో గదికి 16 బైట్ల చొప్పున నాలుగే పడతాయి. అందులో ఒకదాన్ని ఎక్స్‌టెండెడ్ చేసుకుంటే దాని కడుపులో ఇంకెన్నో గదులు కట్టుకోవచ్చు, మీకు ఆ ఆలోచన తట్టినట్టు లేదు. కొత్త పద్ధతి జీపీటీ డిస్కైతే మామూలుగా 128 దాకా చోటుంటుంది, ఈ గొడవే లేదు.

అసలు అభ్యంతరం వేరే. పట్టిక మాస్తే ఇల్లు కూలదు. వీధిలో ఇంటి నంబర్లు చెరిపేసినట్టు అవుతుంది, లోపల సామాను ఎక్కడిదక్కడే ఉంటుంది. దాని మీద కొత్తగా ఏమీ రాయకుండా పోయిన భాగాలను వెతికిపెట్టే టెస్ట్‌డిస్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో వెతికితే చాలాసార్లు దొరుకుతుంది. కాబట్టి పద్యానికి పూర్తి మార్కులు, నాలుగో పాదానికి సగం.

డల్లాస్ వాసి:
నేను విరుపుతో కొట్టా. ఇక్కడ కూల్చేది లేదు.

తమ్ము డడుగ డిస్కు తగినట్లు చీల్చితి
రేయి మేలుకొంటి రెండు దాక
కాఫి పోసి పంపె, కాసైన నీడయ్యె
గోడ కట్ట నిల్లు కూలి పోయె

కూలి అంటే కష్టానికి ఇచ్చే కూలి. అది పోయింది.

కృష్ణాతరంగం:
విరుపు బాగుంది బాబూ, మరి 'ఇల్లు' ఏం చేస్తోంది అక్కడ?

డల్లాస్ వాసి:
ఇల్లు కూలి. ఇంటి కూలి అని.

కృష్ణాతరంగం:
నువ్వే చెప్పావుగా 'ఇంటి' అని. ఇల్లు ఔపవిభక్తికం, అంటే విభక్తి ముందు రూపం మారే మాట, కూలి ముందు ఇంటి అయి తీరాలి. నీ ఇల్లు పాదం మధ్య గాలిలో వేలాడుతోంది. తమ్ముడి దగ్గర కూలి అడగడమేమిటన్నది రెండో ప్రశ్న.

బీటెక్ కుర్రాడు:
మొదటిసారి రాస్తున్నాను, తిట్టకండి. రెండో పాదం “ఉబుంటు వేసి పడుకున్నాను” అని పెట్టాను (ఉబుంటు లినక్స్‌లో ఒక రకం). గణాలు ఎంతకీ కుదరట్లేదు.

నిర్వాహకుడు:
కుదరవు నాయనా. ఉబుంటు అంటే లఘువు, గురువు, లఘువు, అంటే జగణం. ఆటవెలదిలో ఏ గణమూ అలా మొదలుకాదు. అయినా దొడ్డిదారి ఒకటుంది. మొదటి 'ఉ'ను ముందు మాట తోకకు అంటించు. నే–ను, బుం–టు, వే–సి. మూడు హగణాలు (గురువు, లఘువు) చక్కగా పడ్డాయి. నీ భావం చెడకుండా మొత్తం ఇలా సర్దాను.

చెరుపు మనెడి మాట చిటికలో నొక్కితి
నేనుబుంటు వేసి నిదురపోతి
తెల్లవారి చూడ దెరమీద సీ లేదు
గోడ కట్ట నిల్లు కూలిపోయె

బీటెక్ కుర్రాడు:
అచ్చం ఇదే జరిగింది సార్, సీ డ్రైవే మాయం! 'విండోస్ పక్కన వేయి' అనేది పైన ఉంది, నేను కింద 'డిస్కంతా చెరుపు' నొక్కాను. అక్క పెళ్ళి ఫొటోలు అందులోనే ఉన్నాయి. అక్కకి ఇంకా చెప్పలేదు.

కృష్ణాతరంగం:
ఇప్పుడు నాది. ఇందాకటి నుంచి అందరినీ దిద్దాను, నన్నూ దిద్దండి.

నిదురలోన నున్న నెఱుగక విండోసు
చచ్చె ననుచు దలచి సర్దబోవ
లేచి వచ్చి పాత లెక్కలే వ్రాసెను
గోడ కట్ట నిల్లు కూలిపోయె

నిర్వాహకుడు:
అమ్మా, దండం. విండోస్ 8 నుంచి ఉన్న ఫాస్ట్ స్టార్టప్‌ను ఇంత చిన్న పద్యంలో పట్టడం నావల్ల కాదు. షట్‌డౌన్ నొక్కితే అది పూర్తిగా చావదు, కెర్నెల్‌ను, అంటే సిస్టమ్ గుండెకాయను, ఒక ఫైల్లో దాచుకుని కునుకు తీస్తుంది. చిత్రంగా రీస్టార్ట్ నొక్కితేనే పూర్తిగా ఆగి లేస్తుంది. ఆ కునుకులో ఉండగా మనం లినక్స్ నుంచి వెళ్ళి దాని భాగంలో ఫైళ్ళు మారిస్తే, లేచాక అది నిన్నటి లెక్కలు పట్టుకుని వాటి మీదే రాసేస్తుంది. 'పాత లెక్కలే' అన్న మాట దగ్గర ఆగిపోయాను.

గోస్తనీతీరం:
కానీ లినక్స్‌లో విండోస్ భాగాన్ని తెరిచే ఎన్‌టీఎఫ్‌ఎస్-3జీ డ్రైవర్ అలాంటప్పుడు రాయనివ్వదు కదండీ? చదువుకో అంటుంది, అంతే.

కృష్ణాతరంగం:
బలవంతం చేశానండీ. నిద్ర ఫైలును తీసేయమనే ఆప్షన్ కూడా ఒకటుందని తర్వాత తెలిసింది. 'సర్దబోవ' అన్నది అందుకే, నా వేలు కూడా ఉంది అందులో.

నిర్వాహకుడు:
ఈ వారం పద్యం అమ్మదే. గడువు ముగిసింది, 10 దాటింది.

మానేరు:
అగ్గో, నా కంప్యూటర్ల ఇంకా నాలుగున్నరే అయింది. ఇంకో పద్యం రాస్తున్న.

నిర్వాహకుడు:
ఇప్పుడే లినక్స్‌లోంచి విండోస్‌లోకి వచ్చారా? లినక్స్ కంప్యూటర్ లోపలి గడియారాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) పెడుతుంది, విండోస్ దాన్నే మన టైమనుకుంటుంది. సరిగ్గా ఐదున్నర గంటలు వెనక. లినక్స్‌లో 'టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్టీసీ 1' అని కొట్టండి. ఆర్టీసీ అంటే బస్సు కాదు, రియల్ టైమ్ క్లాక్.

మానేరు:
బస్సు పోయిందని మాత్రం అర్థమైంది సార్.