పాత్రకి అర్థమున్న పేరు పెడితే ముందే దొరికిపోతామా?

సగం_నవల అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. ఒక నవల రాస్తున్నా, సగం దాటింది, ఇప్పుడొచ్చి పేర్ల దగ్గర ఆగిపోయా. మెయిన్ క్యారెక్టర్ ఒక ట్రస్టులో అకౌంటెంటు, ముప్పై ఏళ్ల సర్వీసు, అందరూ నిప్పులాంటి మనిషి అనుకుంటారు కానీ ట్రస్టు డబ్బు కొంచెం కొంచెంగా నొక్కేస్తుంటాడు. ఆయనకి సత్యమూర్తి అని పెట్టా. వ్యంగ్యం భలే కుదిరిందని మురిసిపోతుంటే మొదటి రెండు చాప్టర్లు చదివిన ఫ్రెండు "వీడే కదా దొంగ" అనేసింది. అప్పటికి దొంగతనం ఊసే రాలేదు! పేరు చూసి పట్టేసిందట. ఆడిటర్ పేరు నిర్మల, చైర్మన్ పేరు ధనంజయ్, ఇవన్నీ ఏరి ఏరి పెట్టినవే, ఇప్పుడు చూస్తుంటే ఒక్కొక్కళ్ళ మెడలో బోర్డు వేలాడదీసినట్టుంది. అర్థమున్న పేర్లు అసలు పెట్టకూడదా? మీరెలా ఎంచుకుంటారు?

వరండా_కుర్చీ:

సత్యమూర్తిలో తప్పేం లేదండీ. ఆ పేరు మీరు పెట్టినట్టు కనపడుతోంది, అదీ గొడవ. కథలో ఆ పేరు పెట్టింది వాళ్ళ అమ్మానాన్నలు, ఉయ్యాల్లో ఉన్నవాడు పెద్దయ్యాక ఏం చేస్తాడో వాళ్ళకేం తెలుసు. వాళ్ళెలాంటి వాళ్ళు, ఏ ఏట పెట్టారు, ఏం ఆశపడి పెట్టారు అన్నది మీకు తెలిస్తే చాలు, పేజీ మీద రాయక్కర్లేదు.

నేనైతే పేరు మార్చను, ఎవరు ఏమని పిలుస్తారో చూస్తా. ఆఫీసులో "మూర్తిగారూ". అక్క "సత్యం". చిన్నప్పటి ఫ్రెండు ఫోన్ చేస్తే "ఒరేయ్ సత్తిగా, ఎక్కడ చచ్చావు". ఇలా రాసుకుంటూ పోతే పూర్తి పేరు చెక్కుల మీద సంతకంలో తప్ప ఎక్కడా కనపడదు, చదివేవాళ్ళు మర్చిపోతారు కూడా. చివర్లో విచారణకొచ్చిన ఆఫీసరు ఫైలు తెరిచి "సత్యమూర్తి ఎవరండీ ఇక్కడ?" అన్నప్పుడు ఆ మాట మోగుతుంది. మీరు మొదటి పేజీలోనే మోగించేశారు.

భారతంలో కర్ణుణ్ణి చూడండి. వసుషేణుడు, రాధేయుడు, సూతపుత్రుడు, అంగరాజు, అన్నీ ఒక్కడే. తిట్టేవాడు ఒకటంటాడు, దగ్గరవాడు ఒకటంటాడు. ఏ పేరుతో పిలిచారో చూస్తే పిలిచినవాడి సంగతే ముందు బయటపడుతుంది.

పాతపుస్తకాల_పిచ్చి:

పై కామెంటుతో సగమే ఒప్పుకుంటా. బోర్డు కట్టిన పేర్లు పనికిరావని ఎవరన్నారు? కన్యాశుల్కంలో గురజాడ ఏం చేశారు మరి. డబ్బుకి కక్కుర్తిపడే ముసలాయన లుబ్ధావధాన్లు, ముక్కు మీద కోపం ఉన్నాయన అగ్నిహోత్రావధాన్లు. కరటకశాస్త్రి అయితే పంచతంత్రంలో నక్క పేరు, ఆయన చేసేదీ నక్క పనే, శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి పెళ్ళి చేసేస్తాడు. 1892లో మొదట ఆడిన నాటకం అది, 1909లో బాగా పెంచి తిరగరాశారు, ఇప్పటికీ ఆ పేర్లు వింటేనే నవ్వొస్తుంది. నాటకంలో మనిషి స్టేజీ ఎక్కగానే ఎవరో తెలిసిపోవాలి, హాస్యంలో అయితే ఆ తెలిసిపోవడంలోనే సగం మజా. మీది సస్పెన్సు, అందుకే బెడిసికొట్టింది.

ఇంకోటి గమనించండి, ఆ నాటకంలో అందరికన్నా జిత్తులమారికి మాత్రం జిత్తుల పేరు పెట్టలేదు. గిరీశం! శివుడి పేరు, అంతే, దాన్నిబట్టి వాడి గురించి ఒక్క ముక్క కూడా తెలీదు. చుట్ట, ఇంగ్లీషు ముక్కలు, కోతలు, అవన్నీ కలిసి ఆ పేరుకి కొత్త అర్థం తెచ్చాయి, ఇప్పుడు "వాడో గిరీశం" అంటే చాలు. చిన్న పాత్రలకి బోర్డు కట్టినా చెల్లుతుంది గానీ నవలంతా మోసేవాడికి ఖాళీ పేరే మంచిదని నా అభిప్రాయం.

ఎర్రపెన్ను:

అర్థాల గోల తర్వాత, ముందు చెవికెలా ఉందో చూసుకోండి. డైలాగులు పైకి చదవండి, పేరు నాలుక్కి అడ్డం పడితే అది వందసార్లు అడ్డం పడుతుంది. ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లు ఒకే సీనులో వద్దు, రమ, రవి, రమణ ముగ్గురూ ఒక గదిలో కూర్చుంటే ఎవరు ఎవరితో అన్నారో చదివేవాడు వెనక్కెళ్ళి చూసుకోవాలి, ఒకసారి చూస్తాడు, రెండోసారి పుస్తకం మూసేస్తాడు.

మధ్యలో పేరు మార్చడానికి భయపడొద్దు. గాన్ విత్ ద విండ్ హీరోయిన్ స్కార్లెట్ రాతప్రతిలో పాన్సీ, 1936లో పుస్తకం రావడానికి కాస్త ముందు మార్చారు. టోల్కీన్ లార్డ్ ఆఫ్ ద రింగ్స్ మొదటి డ్రాఫ్టుల్లో హీరో ఫ్రోడో పేరు బింగో. ఆ పేరుతో ఆ కథ ఊహించుకోండి 😀

కానీ తెలుగులో ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టేటప్పుడు జాగ్రత్త. రమని లతగా మార్చమంటే పరమాత్మ కాస్తా "పలతాత్మ" అయి కూర్చుంటాడు, "రమ్మంది" అన్నచోట "లత్మంది" వస్తుంది. సున్నాతో ముగిసే పేర్లది ఇంకో తలనొప్పి, ప్రకాశం అని వెతికితే ప్రకాశాన్ని, ప్రకాశానికి అన్నవి దొరకవు, అవి అలాగే మిగిలిపోయి చివర్లో ఈ ప్రకాశం ఎవడ్రా అని చదివేవాళ్ళు జుట్టు పీక్కుంటారు. ఒక్కో రూపం విడిగా వెతుక్కోవాలి, వేరే దారి లేదు.

కిటికీసీటు:

పేరు పెట్టకపోవడం కూడా ఒక పద్ధతేనండి. డాఫ్నే డు మోరియే నవల రెబెక్కా (1938) చూడండి, కథ చెప్పే అమ్మాయి పేరు చివరిదాకా రాదు, చచ్చిపోయిన మొదటి భార్య పేరు మాత్రం అట్ట మీదే ఉంటుంది. ఇల్లంతా ఎవరిదో చెప్పకుండానే తెలిసిపోతుంది. మీ కథకి పనికొస్తుందని కాదు, ఊరికే గుర్తొచ్చింది.

సగం_నవల:

అందరికీ చాలా థాంక్స్. సత్యమూర్తిని ఉంచేసి మొదటి చాప్టర్లలో మూర్తిగారు అని మాత్రమే రాస్తా, చెక్కు సంతకం ఐడియా దొంగిలిస్తున్నా వరండా_కుర్చీ గారూ, ఏమనుకోకండి. మరి నిర్మల, ధనంజయ్ సంగతి?

వరండా_కుర్చీ:

తీసుకోండి తీసుకోండి. నిర్మల వయసెంత?

సగం_నవల:

యాభై దాటింది.

వరండా_కుర్చీ:

అయితే ఉంచేయండి, ఆ వయసు నిర్మలలు బోలెడుమంది, ఎవరూ అర్థం వెతకరు. ధనంజయ్‌ని మాత్రం మార్చండి. ధనం ఉందని పెట్టారు గానీ అది అర్జునుడి పేరు, మీ చైర్మన్ లేచి ఫైలు తెచ్చుకోవడానికే బద్ధకించే రకం అనుకుంటా.