"ష్మాల్ట్సీ" అన్నారు. బాధపడాలా? తెలుగులో దీన్ని ఏమంటాం?

ఎడిసన్_ఇల్లాలు:
అందరికీ నమస్కారం. మేము న్యూజెర్సీలో ఉంటాం. శుక్రవారం మా టీమ్‌లో పెద్దావిడ రిటైరయ్యారు. పదకొండేళ్లు ఆవిడ కింద పనిచేశాను. పాప పుట్టినప్పుడు మూడు నెలలు నా పని కూడా ఆవిడే నెత్తిన వేసుకున్నారు. వీడ్కోలు మాటలు నన్ను రాయమంటే రెండు రాత్రులు కూర్చుని ఒక పేజీ రాశాను. "ఎండన పడి వచ్చినవాళ్లకు మీరు చెట్టు నీడ" అన్న చోట చదువుతూ చదువుతూ నాకే గొంతు పట్టేసింది. అయిపోయాక పక్క సీటు ఆయన "కొంచెం ష్మాల్ట్సీగా ఉంది, కానీ నాకు నచ్చింది" అన్నాడు. ఇంటికొచ్చి వెతికితే "చవకబారు సెంటిమెంటు" అని కనిపించింది. రెండు రోజులుగా సరిగ్గా నిద్ర లేదు. ఇది తిట్టా? చీజీ, కార్నీ అంటారు కదా, వాటికీ దీనికీ తేడా ఏమిటి? తెలుగులో దీనికి మాట ఉందా? సోమవారం ఆయన ఎదురుపడితే ఏమనాలి?

సబ్‌టైటిల్_శ్రమ:
పద్నాలుగేళ్లుగా ఇంగ్లిష్ సినిమాలకు తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. ఈ మాటతో నేను పడ్డ తిప్పలు ఇంకెవరూ పడి ఉండరు. ష్మాల్ట్సీ వచ్చింది ష్మాల్ట్జ్ నుంచి. అది యిడ్డిష్ మాట, అంటే తూర్పు యూరప్ యూదుల భాషలోది. కోడి కొవ్వునో బాతు కొవ్వునో సన్న సెగ మీద కరిగించి వడగట్టి దాచుకునే నూనె అది. 1930ల్లో న్యూయార్క్ సంగీతకారులు తీపి ఎక్కువైన పాటను ఇలా అనడం మొదలుపెట్టారు. నేను దీనికి "జిడ్డు" అని రాశాను. ఒక్క మాటలో రుచీ వచ్చింది, విసుగూ వచ్చింది. ఎడిటర్ కొట్టేసి "అతి భావోద్వేగం" అని పెట్టాడు. తెర మీద మనిషి నోరు అర సెకను కదులుతుంది, కింద ఆరక్షరాలు. ఆ సీను చూసినప్పుడల్లా ఇప్పటికీ కడుపు మండుతుంది.

పప్పూఅన్నం_ప్రియ:
ఆగండాగండి. కోడి కొవ్వా? మేము ఇంట్లో గుడ్డు కూడా వండం. పోయినేడు న్యూయార్క్ వెళ్లినప్పుడు ఒక పాత యూదుల హోటల్లో మాంసం లేదు కదా అని బంగాళదుంప ముద్ద తీసుకున్నాను. పైన ఎర్రగా వేగిన ఉల్లిపాయలు, మంచి వాసన. సగం తిన్నాక గిన్నె అంచున పసుప్పచ్చగా నూనె పేరుకుని ఉంటే ఏమిటని అడిగాను. అప్పుడు తాపీగా చెప్పారు. మెనూలో ఒక్క ముక్క రాయలేదు. శాకాహారులు ఎవరైనా అలాంటి చోటికి వెళ్తే బంగాళదుంప అని నమ్మేయకండి, అడిగి తినండి.

బెర్లిన్_బాబాయి:
పైన సబ్‌టైటిల్స్ రాసేవారికి ఒక సవరణ. ఇది యిడ్డిష్ సొత్తు కాదు, జర్మన్ మాట. ఇక్కడ పాతకాలపు బార్లలో రొట్టె మీద ష్మాల్ట్స్ రాసి, ఉప్పు చల్లి, ఊరబెట్టిన దోసకాయ పక్కన పెట్టి ఇస్తారు. అది మామూలుగా పంది కొవ్వు. జర్మన్‌లో ఏడుపు పాటల్ని కూడా "ష్మాల్ట్సిష్" అనే అంటారు. పలకడం కూడా "ట్జ్" కాదు, "ట్స్". తెలుసుకుని రాస్తే బాగుంటుంది.

సబ్‌టైటిల్_శ్రమ:
బాబాయి గారూ, జర్మన్ మూలం లేదని నేను అనలేదు. యిడ్డిష్‌లో సగానికి పైగా మాటలు జర్మన్ నుంచి వచ్చినవే. ప్రశ్న అడిగిన ఆవిడ న్యూజెర్సీలో ఉన్నారు, బెర్లిన్‌లో కాదు. అమెరికాకు ఆ మాట దిగింది న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో, యూదుల వంటిళ్ల నుంచి, సెకండ్ ఎవెన్యూ యిడ్డిష్ నాటకశాలల నుంచి. పంది కొవ్వు తినని వాళ్లది ఆ మాట. మాంసంతో వెన్న కలపకూడదు, పంది నిషిద్ధం, తూర్పు యూరప్ చలిలో ఆలివ్ నూనె దొరకదు. ఇక మిగిలింది బాతూ కోడీ. ఆ కథంతా వదిలేసి "జర్మన్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఎలా?

బెర్లిన్_బాబాయి:
నేను ఇరవై రెండేళ్లుగా ఈ భాషలో బతుకుతున్నాను. నాకు కథలు చెప్పకండి. "యిడ్డిష్ మాట" అని తేల్చి రాసింది మీరు.

సబ్‌టైటిల్_శ్రమ:
డిక్షనరీ తీసి చూడండి. "యిడ్డిష్ ష్మాల్ట్స్, జర్మన్ ష్మాల్ట్స్ నుంచి" అని ఉంటుంది. ముందు యిడ్డిష్, తర్వాత జర్మన్. వరసంటూ ఒకటి ఉంటుంది.

మిస్సిసాగా_మూర్తి:
మీ ఇద్దరి గొడవలో పడి సంగీతకారుల సంగతి వదిలేశారు. గై లొంబార్డో పేరు విన్నారా? మా ఒంటారియోలోని లండన్‌లో పుట్టినవాడు. రాయల్ కెనడియన్స్ అని బ్యాండు. 1929 నుంచి న్యూయార్క్ రూజ్‌వెల్ట్ హోటల్లో డిసెంబర్ 31 రాత్రి ఆయన వాయిస్తుంటే రేడియోలో జనమంతా విని కొత్త సంవత్సరంలోకి వచ్చేవాళ్లు. జాజ్ వాళ్లు ఆయన్ని కార్నీ అని, ష్మాల్ట్జ్ అని తీసిపారేశారు. కానీ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అంతటివాడికి లొంబార్డో బ్యాండ్ అంటే ప్రాణం. దాచుకోకుండా అందరి ముందూ చెప్పేవాడు. ఎడిసన్ అమ్మాయ్, నీకు పనికొచ్చేది ఇదే. వంక పెట్టినవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తులేవు.

విశాఖ_టీచరమ్మ:
చీజీ, కార్నీ సంగతి అడిగారు, ఎవరూ పట్టించుకోలేదు. మా పిల్లలకు నేను చెప్పేది ఇది. కార్నీ అంటే పల్లెటూరి మోటు. మొక్కజొన్న తిని పెరిగినవాళ్లకు నచ్చే పాత జోకు, పాత పాట అని పట్నం వాళ్ల చిన్నచూపు అందులో ఉంది. చీజీ అంటే చవక, నకిలీ. ష్మాల్ట్సీలో నకిలీ అన్న ఆరోపణ లేదు. ప్రేమ నిజమే, పోసింది ఎక్కువైంది. మీ పక్క సీటాయన మూడింట్లో మెత్తనిది ఏరుకుని అన్నాడు. హోకమ్ అని ఇంకోటి ఉంది, అది నాటకాల వాళ్ల మాట. జనాన్ని ఏడిపించడానికి, నవ్వించడానికి ఖాయంగా పనిచేసే పాత ఎత్తు. హోకస్ పోకస్‌నీ బంకమ్‌నీ కలిపితే పుట్టిందంటారు. ఆ బంకమ్ మాత్రం ఒక ప్రాంతం పేరు. 1820లో ఫెలిక్స్ వాకర్ అనే ఆయన అమెరికా కాంగ్రెసులో అందరూ ఆపమంటున్నా ఆపకుండా, నార్త్ కరోలినాలో తన బంకమ్ కౌంటీ వాళ్ల కోసం మాట్లాడుతున్నానన్నాడు. అప్పటినుంచి ఊకదంపుడు మాటలకు ఆ పేరు స్థిరపడిపోయింది.

గుంటూరు_గొంతు:
తెలుగు మాట అడిగితే ఊళ్ల చరిత్ర చెబుతారేంటండీ! "జిడ్డు" నాకు నచ్చలేదు. మా వైపు జిడ్డు అంటే వదలకుండా వెంటపడే మనిషి. అప్పు అడగడానికి వచ్చి గంటలు కూర్చునేవాడు జిడ్డు. ప్రసంగాన్ని జిడ్డు అంటే సాగదీశారని అర్థమొస్తుంది. దీనికి "పాకం ముదిరింది" అనాలి. తీగపాకంలో దింపాల్సినది ఉండపాకం దాకా పోయింది. తీపి అదే, పళ్లకు అంటుకుంటుంది. ఆయన అన్నది కూడా అంతే కదా?

సబ్‌టైటిల్_శ్రమ:
పాకం ముదిరింది అంటే తెర మీద చోటు ఎక్కువ పడుతుంది. నా పని నాకు తెలుసు.

గుంటూరు_గొంతు:
ఆవిడ సబ్‌టైటిల్ అడగలేదు. మాట అడిగింది.

డాలస్_నర్సు:
వరసగా నాలుగో నైట్ షిఫ్ట్ చేసి వచ్చి చదువుతున్నాను. ఇక్కడ అందరూ తీపిని తప్పులాగా మాట్లాడుతున్నారు. అక్టోబర్ చివరికల్లా హాల్‌మార్క్ చానెల్లో క్రిస్మస్ సినిమాలు మొదలవుతాయి. పట్నంలో ఉద్యోగం చేసే అమ్మాయి సొంతూరు వస్తుంది, బేకరీయో క్రిస్మస్ చెట్ల తోటో మూతపడబోతుంది, గళ్ల చొక్కా అబ్బాయి కనిపిస్తాడు, చివర్లో మంచు కురుస్తుంది. చాలావరకు కెనడాలో వాంకూవర్ చుట్టుపక్కలే తీస్తారు, ఆ మంచులో కొంత నురగ. అన్నీ తెలుసు. నేను ఐసీయూలో పనిచేస్తాను. తెల్లవారుజామున ఒక కుటుంబానికి చెప్పాల్సిన మాట చెప్పి ఇంటికొచ్చినప్పుడు, చివరికి అందరూ బాగుంటారని ముందే తెలిసిన కథ నాకు కావాలి. దాన్ని ష్మాల్ట్జ్ అంటే అననివ్వండి. ఎడిసన్ అక్కా, ఆ పెద్దావిడ ఏమన్నారో మీరు రాయలేదు. నేను అడిగేది అదొక్కటే.

ఒంగోలు_శీను:
నర్సమ్మ గారు చెప్పినదానికి నా ఓటు. మా నాన్న హైస్కూలు మాస్టారు. 2004లో రిటైరైతే సన్మాన పత్రం ఇచ్చారు. "అజ్ఞాన తిమిరాన్ని పారదోలిన అక్షర దీపమా" అని మొదలు. మా బావ చూసి, ఇది అందరికీ ఇచ్చేదే, పేరు మార్చి ప్రింటు కొట్టిస్తారు అన్నాడు. నాన్న ఏమీ అనలేదు. ఆ ఫ్రేము మాత్రం హాల్లోంచి తీసి పడగ్గదిలో పెట్టుకున్నారు. ఆయన పోయాక తీసి చూస్తే వెనక అట్ట మీద, ఆ రోజు సభకు వచ్చిన పాత విద్యార్థుల పేర్లు పెన్సిలుతో రాసుకుని ఉన్నారు. నలభై ఒక్క పేర్లు. బావతో నేను సరిగ్గా మాట్లాడి చాలా ఏళ్లయింది.

బెర్లిన్_బాబాయి:
శీనూ, మనసు పిండేశావయ్యా. కానీ ఒక మాట. అందరికీ ఒకటే పత్రం ఇవ్వడం తప్పే. మీ నాన్నగారి గురించి నాలుగు ముక్కలు సొంతంగా రాయలేకపోయారా?

ఒంగోలు_శీను:
రాసింది ఆయన దగ్గర చదువుకున్న కుర్రాడేనండీ. వాడికి వచ్చిన తెలుగు అది. నాన్న నేర్పిన తెలుగే.

తెనాలి_తాత:
పిల్లలూ, రెండు రోజులుగా చదువుతున్నాను. కొవ్వు, నూనె అంటే ఒకళ్లు ముఖం చిట్లిస్తారు, ఒకళ్లు కొట్టుకుంటారు. మన నిఘంటువు తీసి "స్నేహము" చూడండి. చెలిమి అని ఉంటుంది, చమురు అనీ ఉంటుంది. రెండూ ఒకే మాట. వైద్యులు స్నేహపానం చేయమంటే నెయ్యి తాగమని. స్నిగ్ధం అంటే నూనె నిగారింపు ఉన్నది, ప్రేమ నిండినది కూడా. "నెయ్యం" అంటే ప్రేమ. నెయ్యి పక్కనే ఉంటుంది ఆ మాట. అన్నంలో ఎంత నెయ్యి వేశారో దాన్ని బట్టి ఆ ఇంట్లో మన మీద ప్రేమ కొలిచే జాతి మనది. ఆ యూదు అవ్వలు కూడా పండగకు కోడి కొవ్వు కరిగించి సీసాలో దాచి, మనవడి రొట్టె మీద దట్టంగా రాసి ఉంటారు. వాళ్లకూ మొదట్లో అది తిట్టు కాదు. చెట్టు నీడ అన్న మాట అరిగిపోయిందంటే అరిగిపోనీ అమ్మా. నీకు నిలబడ్డ నీడ ఆవిడది, దాన్ని ఇంకేమని రాస్తావు?

గుంటూరు_గొంతు:
తాతగారూ, దండాలు. పాకం వెనక్కి తీసుకుంటున్నాను. "నెయ్యి ఎక్కువైంది" అందాం. అందులో కోపం లేదు.

సబ్‌టైటిల్_శ్రమ:
ఇది పట్టుకెళ్తాను. చోటు సంగతి నేను చూసుకుంటాను.

పప్పూఅన్నం_ప్రియ:
నెయ్యి ఎక్కడ, కోడి కొవ్వు ఎక్కడ? ఒకే గాటన కట్టొద్దు. నా బాధ ఎవరికీ పట్టలేదు.

విశాఖ_టీచరమ్మ:
ప్రియ గారూ, అమెరికాలో యూదుల ఇళ్లలోనే ఆ మార్పు వచ్చింది. 1911లో క్రిస్కో అనే వెజిటబుల్ కొవ్వు డబ్బాల్లో వచ్చాక, మాంసంతోనూ పాలతోనూ వాడుకోవచ్చని చాలామంది దానికి మారిపోయారు. ఇప్పుడు ఉల్లిపాయలు నూనెలో వేయించి అచ్చం ఆ వాసన వచ్చేలా చేసేవాళ్లూ ఉన్నారు. అడిగి తినమన్న మీ సలహా సరైనదే.

మిస్సిసాగా_మూర్తి:
లోయర్ ఈస్ట్ సైడ్‌లో శామీస్ రొమేనియన్ అని ఒక పాత హోటల్ ఉండేది. పాన్‌కేకుల సిరప్ పోసే సీసాల్లో ష్మాల్ట్జ్ నింపి టేబుళ్ల మీద పెట్టేవాళ్లు. 2021లో ఆ పాత చోటు మూసేశారు. మూయకముందు ఒక్కసారి వెళ్లాను. ఆ కొవ్వు కరిగించాక మిగిలే చర్మం ముక్కలు ఉల్లిపాయతో కరకరలాడుతుంటాయి, గ్రిబెనెస్ అంటారు. నెయ్యి కాచాక గిన్నె అడుగున మిగిలే గసి గుర్తొచ్చింది నాకు. మా అమ్మ దాన్లో పంచదార వేసి ఇచ్చేది.

ఒంగోలు_శీను:
గసి ఏంటండీ, గోదారి అంటాం మేము.

గుంటూరు_గొంతు:
గోదారా? మా ఇంట్లో కూడా గసే.

ఎడిసన్_ఇల్లాలు:
అందరి పేర్లూ విడివిడిగా రాయలేకపోతున్నాను, ఏమీ అనుకోకండి. డాలస్ చెల్లి అడిగింది కాబట్టి చెబుతాను. పెద్దావిడ ఆ రోజు ఏమీ అనలేదు. కాగితం అడిగి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి కళ్లజోడు పెట్టెలో పెట్టుకున్నారు. ఈ ఉదయం పక్క సీటాయన్ని నేనే కదిలించాను. ఆ మాట వాళ్లమ్మమ్మ వంటింటి మాట, అంతకంటే మంచి మాట తనకు తట్టలేదు అన్నాడు. నేను నెయ్యి సంగతీ, తాతగారు చెప్పిన స్నేహం సంగతీ చెప్పాను. స్నేహం అన్న మాట మూడుసార్లు పలికించుకుని పసుప్పచ్చ చీటీ మీద ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్నాడు. గురువారం నేను నెయ్యి కాస్తాను, ఆయనకు ఒక సీసా తీసుకెళ్తున్నాను. అడుగున మిగిలింది కూడా కొంచెం. దాన్ని గసి అని చెప్పాలో గోదారి అని చెప్పాలో అప్పటికి తేల్చండి.