సూపర్‌హీరో కథలో జోకులు ఎక్కడ ఆపాలి? షార్ట్ ఫిల్మ్ కోసం అడుగుతున్నా

శ్రీకర్, మారతహళ్ళి:
అందరికీ నమస్తే. బెంగళూరులో ఉన్న కొందరు తెలుగువాళ్ళం కలిసి 15 నిమిషాల సూపర్‌హీరో షార్ట్ ఫిల్మ్ రాస్తున్నాం. హీరో పీజీలో ఉండే కుర్రాడు. వాడు ముట్టుకుంటే ఎంత పెద్ద బండైనా ఆగిపోతుంది. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో అంబులెన్సుకు దారి ఇప్పించడం మొదటి సీను. 9వ నిమిషంలో రూమ్మేట్ చనిపోతాడు. టీములో సగం మంది ‘థోర్: రాగ్నరాక్’లా చివరిదాకా నవ్విద్దామంటున్నారు. మిగతావాళ్ళు ‘ది డార్క్ నైట్’లా సీరియస్‌గానే ఉండాలని పట్టు. రెండూ కలిపితే కిచిడీ అవుతుందేమోనని భయం. తెలిసినవాళ్ళు చెప్పండి.

వేదవతి:
శ్రీకర్, ‘డార్క్ నైట్’లో నవ్వు లేదని ఎవరన్నారు? వేన్ కంపెనీలో పనిచేసే ఒకడు తమ యజమానే బాట్‌మ్యాన్ అని కనిపెట్టి, డబ్బు గుంజుదామని కంపెనీ నడిపే లూషియస్ ఫాక్స్ దగ్గరికొస్తాడు. ఫాక్స్ గొంతు కూడా పెంచడు. నీ క్లయింటు ప్రపంచంలోనే పెద్ద డబ్బున్నవాళ్ళలో ఒకడు, రాత్రిళ్ళు ఒట్టి చేతులతో నేరగాళ్ళను చావగొడతాడు, అలాంటివాణ్ణి బెదిరిద్దామని నీ ప్లానా, గుడ్ లక్, అంటాడు. హాలంతా నవ్వుతుంది. ఆ నవ్వులోనే బాట్‌మ్యాన్ అంటే భయం ఇంకాస్త పెరుగుతుంది.

ఇప్పుడు 2017లో వచ్చిన ‘రాగ్నరాక్’ ముగింపు తీసుకోండి. కళ్ళముందే థోర్ ఊరు అస్గార్డ్ కూలిపోతోంది. పునాదులు గట్టిగా ఉంటే మళ్ళీ కట్టుకోవచ్చని అతనితో ఉన్న రాతిమనిషి కోర్గ్ అంటాడు. అనగానే మొత్తం పేలిపోతుంది. పునాదులు కూడా పోయాయి, సారీ, అంటాడు. జోకు పండింది, కాదనను. కానీ పుట్టిన ఊరు పోగొట్టుకున్న థోర్‌తో మనం ఉండాల్సిన క్షణం అది. ఆ మాట అన్న కోర్గ్‌ది ఆ ఊరు కాదు, అతనికి పోయిందేమీ లేదు. అందుకే నష్టం తేలికైపోయింది.

రఘు, మడివాళ:
‘గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ’ రెండో భాగం చూడు బ్రో. హీరో క్విల్ సినిమా అంతా వాగుతూనే ఉంటాడు. మీ అమ్మ తలలో ట్యూమర్ పెట్టింది నేనేనని తండ్రి ఈగో నోరు జారగానే, ఇంకో ఆలోచన లేకుండా తుపాకులు తీసి కాల్చేస్తాడు. జోకు లేదు, పంచ్ లేదు. అంత వాగేవాడికి మాట రాలేదు కాబట్టే మనకు గట్టిగా తగిలింది.

మీ స్క్రిప్టులో ఇలా చేయండి. 9వ నిమిషం దాకా ఎక్కువ నవ్వించే పని రూమ్మేట్‌కే ఇవ్వండి. అతను పోయాక రెండు నిమిషాలైనా ఎవరి నోటా జోకు రాకూడదు. తర్వాత వచ్చే మొదటి నవ్వు చిన్నదై ఉండాలి, మాటతో కాక పనితో రావాలి. ఎడిటింగ్‌లో పంచ్ అయ్యాక రెండు మూడు సెకన్లు పక్కవాడి ముఖం మీద ఉంచండి. కథకు కావాల్సిన డైలాగు అక్కడ పెడితే నవ్వుల్లో ఎవరికీ వినపడదు. ల్యాప్‌టాప్‌లో ఒక్కళ్ళే చూస్తే ఆ ఖాళీ సాగదీసినట్టుంటుంది. తొందరపడి కోసేయకండి, పదిమందిని కూర్చోబెట్టి చూపించాకే కోయండి.

నవీన్, బీటీఎం:
వేదవతి గారూ, నేను ‘రాగ్నరాక్’ పక్షమే. దానికి ముందొచ్చిన ‘ది డార్క్ వరల్డ్’లో థోర్ తల్లి చనిపోతుంది. అంత్యక్రియలు ఎంతో అందంగా తీశారు. అయినా ఆ సినిమా తల్చుకుని కదిలిపోయేవాళ్ళు ఎంతమంది? ముఖాలు బిగించుకుంటే బరువు రాదు. ముందు ఆ మనుషులు మనకు నచ్చాలి, నచ్చాలంటే నవ్వు కంటే దగ్గర దారి లేదు. ‘హను-మాన్’లో హనుమంతు అల్లరీ, రవితేజ గొంతుతో కోటి అనే కోతి మాటలూ తీసేయండి, అతని అక్క అంజమ్మ చావు సగం కూడా తగలదు.

మన బెంగళూరులోనే జరిగే మలయాళం సూపర్‌హీరో సినిమా ‘లోక’ చూశారా? హీరోయిన్ చంద్ర జోకులేయదు. నవ్వంతా ఎదురింటి సన్నీ, అతని స్నేహితులు మోస్తారు. చంద్ర ఒకప్పటి నీలి అని చెప్పే గతం వచ్చినప్పుడు వాళ్ళు ఆ కథలోకి అడుగే పెట్టరు. పంపకం అంత శుభ్రంగా ఉంది.

శ్రీకర్, ఇంకో లోటు. ‘హను-మాన్’లో ఎండ ఉంటేనే శక్తి. మీ వాడి శక్తికి హద్దేదీ? ఆగిన బండి మళ్ళీ ఎలా కదులుతుంది?

శ్రీకర్:
వాడు రెండోసారి ముట్టుకుంటే కదులుతుంది అన్నా.

నవీన్, బీటీఎం:
ఇంకేం కావాలి! మొదటి సీనులో కంగారుపడి అంబులెన్సునే ముట్టుకోనివ్వండి. అది ఆగిపోతుంది, వెనకాల హారన్లు, జనం నవ్వుతారు. 9వ నిమిషంలో రూమ్మేట్ ఉన్న అంబులెన్సుకూ అదే జరగాలి, ఈసారి మళ్ళీ కదిలించడానికి హీరో చెయ్యి దానికి అందకూడదు. ఒకే తప్పు, రెండుసార్లు. టీములో రెండు వర్గాలకూ ఇక గొడవ ఉండదు.

వేదవతి:
చాలా బాగుంది నవీన్ గారూ. ఇందాకటి దానిలో ఒకటి మర్చిపోయాను. మీ టీములో ఎవరు ఇంగ్లీషులో చూశారు, ఎవరు తెలుగు డబ్బింగులో చూశారు? పాత్ర వెనక్కి తిరిగి ఉన్నప్పుడు పెదాలు కనపడవు. డబ్బింగులో అక్కడ అదనపు మాట, అదనపు పంచ్ ఇరికించే వీలుంటుంది. అలా పడితే ఒకే సినిమా ఒకరికి కామెడీ, ఇంకొకరికి సీరియస్ అవుతుంది. అందరూ ఒకే భాషలో మళ్ళీ చూసి అప్పుడు వాదించుకోండి. ఇంకో మాట, కన్నడ ఆటో డ్రైవర్ని నవ్వులపాలు చేయకండి. హీరో వచ్చీరాని కన్నడలో తంటాలు పడుతుంటే, డ్రైవర్ చక్కటి తెలుగులో జవాబివ్వాలి.

రఘు, మడివాళ:
సిల్క్ బోర్డ్ దగ్గర అనుమతి లేకుండా కెమెరా పెట్టకండి. ఏదైనా లేఅవుట్ రోడ్డులో, ముందే అడిగి, ఆదివారం ఆరింటికి రెండు ఆటోలు, ఒక వ్యాను, నాలుగు బైకులు ఇరుగ్గా నిలబెట్టండి. కెమెరా నడుము ఎత్తులో ఉంచి టైట్‌గా తీస్తే ఖాళీ రోడ్డు కనపడదు. హారన్లు మాత్రం అక్కడ కొట్టించొద్దు. డైలాగులు పాడవుతాయి, కాలనీవాళ్ళు లేస్తారు. అవి విడిగా రికార్డు చేసి తర్వాత కలపండి.